ఇంటికి జనరేటరా, బ్యాటరీ ఇన్వర్టరా? ముందు బోరు మోటారు సంగతి తేల్చుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు కరెంటు ఎక్కువసేపు పోయేది రెండు కాలాల్లో. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చి కొమ్మ విరిగి లైను మీద పడితే మూడు నాలుగు గంటలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను పట్టుకుంటే ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను చూసినవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ రెండు రకాల కోతలకూ మందు ఒకటి కాదు. మూడు గంటల కోసం జనరేటరు కొనడం డబ్బు దండగ. రెండు రోజులకు బ్యాటరీ ఒక్కటే ఆగదు.

షాపుకు పోతే మొదట అడిగేది "ఎన్ని కేవీఏ కావాలి?" అని. కేవీఏ అంటే మిషను ఎంత లోడు మొయ్యగలదో చెప్పే కొలత. చాలామంది ఫ్యాన్లు, లైట్లు లెక్కపెట్టి, ఎందుకైనా మంచిదని ఇంకాస్త కలిపి ఒక అంకె చెప్పేస్తారు. అసలు తేల్చాల్సింది ఒక్కటే: బోరు మోటారు జనరేటరు మీద ఆడాలా, వద్దా? మిషను సైజు, బరువు, ధర, పెట్రోలు ఖర్చు అన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

లోడు లెక్క

పాత సీలింగ్ ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు, బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే కొత్తరకం మోటారు) ఫ్యాను అయితే 30 దగ్గర. ఎల్‌ఈడీ బల్బు 9, వైఫై రౌటరు 10, 32 అంగుళాల టీవీ 50 నుంచి 60. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఆడుతున్నప్పుడు 100 నుంచి 150. మూడు పాత ఫ్యాన్లు, ఆరు బల్బులు, టీవీ, వైఫై, ఫ్రిజ్ అన్నీ ఒకేసారి వేసినా 500 వాట్లు దాటదు.

చిక్కల్లా ఫ్రిజ్ కంప్రెసర్ అందుకునే ఆ ఒక్క క్షణంలోనే. పాత రకం కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు, అంటే 700 నుంచి 900 వాట్ల దాకా లాగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్ అలా కాదు, నెమ్మదిగా అందుకుంటుంది. కాబట్టి కొత్త ఫ్రిజ్ ఉన్న ఇంటికి 1 కేవీఏ మిషను హాయిగా సరిపోతుంది. పాత ఫ్రిజ్ ఉంటే 1 కేవీఏ మీద మిగతావి కూడా వేసి ఉన్నప్పుడు ఓవర్‌లోడు లైటు వెలిగి సప్లై ఆగిపోవచ్చు. అలాంటి ఇంటికి 2 కేవీఏ తీసుకోండి.

ఇప్పుడు బోరు. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అనుకుంటారు. అది మోటారు షాఫ్టు దగ్గర వచ్చే శక్తి. కరెంటు రూపంలో అది లాగేది 1100 వాట్ల పైమాట. స్టార్టింగులో నాలుగైదు రెట్లు. అందుకే సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్‌కు మామూలు ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగం) ఉన్న జనరేటరు పెట్టాలంటే 1 హెచ్‌పీకి 4 కిలోవాట్లు, 1.5 హెచ్‌పీకి 5, 2 హెచ్‌పీకి 7.5 కిలోవాట్లు ఉండాలన్నది పంపు రంగంలో వాడే లెక్క. చిన్న మిషను మీద వేస్తే ఏమవుతుంది? వోల్టేజీ పడిపోతుంది, మోటారు తిరగలేక గుర్రుమంటుంది, ప్యానెల్లో స్టార్టింగ్ కెపాసిటర్ ఉబ్బుతుంది, ఓవర్‌లోడు రిలే (లోడు మించితే సప్లై ఆపే భాగం) పడకపోతే వైండింగు కాలుతుంది. చిత్తూరు వైపు లోతు బోర్లలో పైపులన్నీ తీసి మోటారు బయటికి లాగే కూలీ ఎంతవుతుందో మీకు తెలిసిందే.

అంటే ఇల్లంతటికీ 1 కిలోవాట్ చాలు, బోరు ఒక్కదానికి 4 కావాలి. రోజుకు అరగంట ఆడే మోటారు కోసం నాలుగింతల మిషను మొయ్యాలా?

మా సలహా: వద్దు. మిద్దె మీద 1000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి దాదాపు రెండు రోజులు వస్తుంది. తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు, సంపు, ఉన్న బిందెలు, డ్రమ్ములు నింపి పెట్టుకోండి. ఇంకా అనుమానం ఉంటే సంపు నుంచి మిద్దెకు నీళ్లెక్కించడానికి 0.5 హెచ్‌పీ చిన్న మోటారు పెట్టించుకోండి. దానికి 2 కిలోవాట్ల జనరేటరు చాలు. సంపు కూడా ట్యాంకు లాంటిదే, కరెంటు ఉన్నప్పుడే బోరుతో నింపుకుంటారు. పాడి ఉన్నవాళ్ల సంగతి వేరు. పశువులకు నీళ్లు ఆపలేరు, పాలు పిండే మిషను ఆపలేరు. వాళ్లకు పెద్ద మిషను తప్పదు. త్రీ ఫేజ్ వ్యవసాయ బోరును మాత్రం ఇంటి సింగిల్ ఫేజ్ జనరేటరు దగ్గరికి కూడా తీసుకురావద్దు.

గీజరు 2000 వాట్ల పైన, ఇండక్షన్ స్టవ్ 1200 నుంచి 2000, ఇస్త్రీపెట్టె 1000. ఇవి పోర్టబుల్ మిషన్ల మీద వేసేవి కావు. మిక్సీ 500 నుంచి 750 వాట్లు, తీసుకునేది రెండు నిమిషాలే కాబట్టి 2 కేవీఏ మీద మిగతావి తగ్గించి వేసుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉంటే 5 లీటర్ల మోడలు 350 వాట్ల చుట్టూ ఆగకుండా లాగుతుంది. దాన్ని ముందు లెక్కలో వేసి, మిగిలినదాంట్లో ఫ్యాన్లు చూసుకోండి.

దొరికే రకాలు

అన్నిటికన్నా చవగ్గా దొరికేది చేతిసంచంత 650, 950 వాట్ల టూ స్ట్రోక్ మిషను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి, పొగ ఎక్కువ, మోత ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, వీటిలో చాలావాటికి ఏవీఆర్ ఉండదు, కెపాసిటర్ మీద నడుస్తాయి. లోడు ఉన్నట్టుండి తగ్గితే వోల్టేజీ ఎగురుతుంది. ఫ్రిజ్ ఆగిన మరుక్షణం టీవీ బోర్డు, ఎల్‌ఈడీ డ్రైవర్లు పోవడానికి కారణం ఇదే. తోపుడుబండి మీద నాలుగు బల్బులకు బాగానే ఉంటుంది. ఇంటికి వద్దు.

రెండోది బయటికి ఫ్రేమ్ కనిపించే ఏవీఆర్ జనరేటరు, 2 నుంచి 3 కేవీఏ, 40 కిలోల పైన బరువు. ఫోర్ స్ట్రోక్, ఇంజను ఎప్పుడూ 3000 ఆర్‌పీఎంలోనే తిరగాలి, ఎందుకంటే 50 హెర్ట్జ్ దాని వేగాన్ని బట్టే వస్తుంది. ఒక్క బల్బు వేసినా అదే పరుగు. అందుకే 400 వాట్ల లోడుకు కూడా గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. మోటార్లను మాత్రం బాగా ఎత్తుకుంటుంది, మన ఊరి మెకానిక్కు బాగు చేయగలడు, విడిభాగాలు దొరుకుతాయి.

మూడోది మూసిన పెట్టెలా ఉండే ఇన్వర్టర్ జనరేటరు. ఇంజను ఇచ్చిన కరెంటును ముందు డీసీ చేసి, మళ్లీ శుభ్రమైన ఏసీగా మారుస్తుంది. లోడు తక్కువైతే ఇంజను వేగం తానే తగ్గించుకుంటుంది. 1 కేవీఏ మిషను అదే 400 వాట్లకు గంటకు 0.3, 0.4 లీటర్లతో సరిపెడుతుంది. పెట్రోలు లీటరు 110 చొప్పున లెక్కేస్తే ఆరు గంటలకు ఏవీఆర్ మిషనుకు 500 దాకా, దీనికి 200 నుంచి 265 దాకా. బరువు 13 కిలోల దగ్గర, ఒక చేత్తో తీసుకుపోవచ్చు. ధర మాత్రం అదే సామర్థ్యానికి దాదాపు రెట్టింపు. లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పోతే వీధి చివరి మెకానిక్కు చేసేదేమీ ఉండదు, మొత్తం మార్చాల్సిందే. స్టార్టింగ్ లోడుకు దీనికి మొండి ఓపిక లేదు, పరిమితి దాటితే టక్కున ఆపేస్తుంది.

డీజిల్ 5 కేవీఏ ఇంటికి దేనికండీ? కల్యాణ మండపానికో, రోజూ నడిచే డెయిరీకో సరే. వంట గ్యాస్ సిలిండర్‌తో నడిచే కిట్లు బిగిస్తామనే వాళ్లూ ఉన్నారు. ఇంటి సిలిండరును ఇంజనుకు వాడటం చట్టరీత్యా కుదరదు, ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఇక బ్యాటరీ ఇన్వర్టరు. 900 వీఏ ఇన్వర్టరుకు 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటి పెడితే కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది 1200 చుట్టూ. 300 వాట్ల లోడుకు నాలుగు గంటలు. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి చేస్తే అదే బ్యాటరీ ఎనిమిది గంటలు లాగుతుంది. పొగ లేదు, మోత లేదు, కరెంటు పోయిందని తెలిసేలోపే ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. కరెంటు మెట్లుమెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ మోడలు చవక, కానీ ఫ్యాన్లు గుయ్‌మంటాయి, ఫ్రిజ్ మోటారు వేడెక్కుతుంది. లైను కరెంటు లాంటిదే ఇచ్చే ప్యూర్ సైన్ వేవే తీసుకోండి.

మరి ఎవరికి ఏది? అపార్టుమెంటులో ఉండేవాళ్లకు పోర్టబుల్ జనరేటరు ఆలోచనే వద్దు. దాన్ని పెట్టే చోటే వాళ్లకు లేదు, కారణం కింద చెబుతాం. బ్యాటరీ ఇన్వర్టరు, అంతకు మించి కావాలంటే లిథియం బ్యాటరీతో వచ్చే పోర్టబుల్ పవర్ స్టేషన్. చుట్టూ ఖాళీ స్థలమున్న సొంత ఇంటికి మా ఓటు జంటకు: బ్యాటరీ ఇన్వర్టరు ఒకటి, 1 లేదా 2 కేవీఏ ఇన్వర్టర్ జనరేటరు ఒకటి. పగలు రెండు మూడు గంటలు జనరేటరు నడిపి ఫ్రిజ్ చల్లబరుచుకుని, ఫోన్లు, బ్యాటరీ కొంత ఎక్కించుకుంటే రాత్రి ఫ్యాన్లు బ్యాటరీ మీద నడుస్తాయి. రాత్రంతా ఇంజను మోగాల్సిన పని లేదు. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది కాబట్టి దానికి నిరంతరం సప్లై అక్కర్లేదు. 1 హెచ్‌పీ బోరు తప్పనిసరి అయినవాళ్లకే 5 కేవీఏ ఏవీఆర్, మోటారు పెద్దదైతే ఇంకా పెద్దది.

ఈ జంటలో ఒక చిక్కు వస్తుంది. జనరేటరు వేసినా ఇంటి ఇన్వర్టరు దాన్ని కరెంటుగా ఒప్పుకోదు, బ్యాటరీ మీదే నడుస్తూ ఉంటుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో 180 నుంచి 260 వోల్టుల మధ్య, ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉంటేనే తీసుకుంటుంది. జనరేటరు నడిపేటప్పుడు నార్మల్‌కు మార్చండి. ఏవీఆర్ మిషను అయితే ఒక్కోసారి అప్పుడూ మొండికేస్తుంది, ఇన్వర్టర్ జనరేటరుతో ఆ గొడవ చాలా తక్కువ.

స్టిక్కరు మీద అంకెలు

పెద్ద అక్షరాలతో రాసేది మ్యాక్స్. అది కొన్ని నిమిషాలు మాత్రమే ఇవ్వగలిగింది. చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ చూడండి, అందులోనూ 80 శాతం దాటకుండా లోడు వేసుకోండి. కేవీఏ పక్కన పవర్ ఫ్యాక్టర్ 0.8 అని ఉంటే 2.5 కేవీఏ అంటే 2000 వాట్లే. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ లాంటి ఎత్తు ప్రదేశాల్లో గాలి పలచన కాబట్టి ప్రతి 300 మీటర్లకు 3 శాతం పైగా శక్తి తగ్గుతుంది. కొనేముందు షాపులోనే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె తగిలించి మల్టీమీటరు పెట్టమనండి. 2 కేవీఏ ఏవీఆర్ మిషను లోడు లేనప్పుడు 230, 240 మధ్య చూపించి, లోడు పడ్డాక కూడా 220 కిందికి దిగకూడదు. ఫ్రీక్వెన్సీ ఖాళీగా 52, లోడుతో 50 దగ్గర ఉంటే ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు బాగున్నట్టే.

ఎక్కడ పెట్టాలి

బయట. వరండా కాదు, కారు షెడ్డు కాదు, మెట్ల కింద కాదు, బాల్కనీ కాదు, తలుపులు తీసిన ముందుగది అసలే కాదు. ఇంటి తలుపులు, కిటికీల నుంచి 20 అడుగుల దూరం, సైలెన్సర్ మూతి ఇంటికి అటువైపు. పక్కింటి పడకగది కిటికీ కూడా మీ లెక్కలోనే ఉండాలి. తిరుపతి పాత వీధుల్లో రెండిళ్ల మధ్య సందు మూడడుగులే ఉంటుంది. అక్కడ పెట్టిన మిషను పొగ రెండిళ్లలోకీ పోతుంది.

కారణం కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం మొదలవుతుంది. వానాకాలం కాబట్టి జ్వరమేమో, తిన్నది పడలేదేమో అనుకుని పడుకుంటారు. అలా పడుకున్నవాళ్లు లేవరు. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి మొదలైతే ముందు అందరినీ బయటి గాలికి తీసుకురండి, తర్వాత ఇంజను ఆపండి, 108కి ఫోన్ చేయండి. కిటికీ తీసి ఫ్యాను వేస్తే సరిపోతుందనుకోవద్దు, ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ వాయువు తయారవుతూనే ఉంటుంది. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడకగదిలో ఉంచుకోండి.

వాన పడుతుంటే లోపలికి తెచ్చేయాలనిపిస్తుంది. ఆ పని చేయకుండా ముందే ఏర్పాటు చేసుకోండి: నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకు పందిరి, కింద ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు గట్టు. మిషను మీద టార్పాలిన్ కప్పితే వేడికి అంటుకుంటుంది. గట్టు సమంగా ఉండాలి. వాలుగా పెడితే ఆయిలు ఒక పక్కకు చేరి, ఆయిలు నిండుగా ఉన్నా సెన్సారు ఇంజనును ఆపేస్తుంది.

ఇంటికి ఎలా కలపాలి

అన్నిటికన్నా మంచిది కలపకపోవడమే. 2.5 చదరపు మిల్లీమీటర్ల త్రీ కోర్ రాగి ఫ్లెక్సిబుల్ వైరు, చివర 16 ఆంపుల సాకెట్ బోర్డు, దాంట్లో ఫ్రిజ్, ఒక ఫ్యాను, చార్జరు. సన్నవైరు వద్దు. 1 చదరపు మిల్లీమీటరు వైరు 30 మీటర్లు లాగితే 10 ఆంపులకే 12 వోల్టులు దారిలో పోతాయి, కంప్రెసర్ అందుకునేటప్పుడు ఇంకా ఎక్కువ. డ్రమ్ముకు చుట్టిన వైరును పూర్తిగా విప్పి పరవండి, చుట్ట మీదే వాడితే వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది.

రెండు కొసలకూ ప్లగ్గు బిగించిన వైరు ఒకటి కొందరి ఇళ్లలో కనిపిస్తుంది. ఒక కొస జనరేటర్లో, రెండోది గోడ సాకెట్లో. మెయిన్ ఆపాం కదా అంటారు. ఎవరైనా తెలియక మెయిన్ వేస్తే మీ 230 వోల్టులు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనకనుంచి చేరి, అటుపక్క 11,000 వోల్టులవుతాయి. తెగిన లైను కలుపుతున్న లైన్‌మ్యాన్ ఆ స్తంభం మీదే ఉంటాడు. పైగా ఆ వైరు ఒక కొస గోడ నుంచి ఊడివస్తే చేతిలో ఉన్న ప్లగ్గు పిన్నుల్లోనే కరెంటు. అసలు కరెంటు తిరిగొస్తే మీ ఆల్టర్నేటరు (జనరేటర్లో కరెంటు పుట్టించే భాగం) కాలిపోతుంది. అలాంటి వైరు ఉంటే ఇవాళే కోసెయ్యండి.

ఇంటి వైరింగుకే ఇవ్వాలంటే డబుల్ పోల్ చేంజోవర్ స్విచ్, 32 ఆంపులది, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో. పైకి వేస్తే లైను, కిందికి వేస్తే జనరేటరు, మధ్యలో ఆఫ్. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా మారాలి, అందుకే డబుల్ పోల్. ఇంటికి త్రీ ఫేజ్ కనెక్షన్ ఉంటే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌కు విడిగా చిన్న డీబీ (బ్రేకర్లుండే పెట్టె) పెట్టించి దాన్ని మాత్రమే చేంజోవర్‌కు ఇవ్వండి. మూడు ఫేజులకూ ముక్క వైరుతో లింకు వేసి నడిపించేస్తారు కొందరు. అప్పుడు మూడింటి లోడూ ఒకే న్యూట్రల్ మీద పడుతుంది, త్రీ ఫేజ్ మోటారు స్విచ్ ఎవరైనా వేస్తే అది కాలుతుంది.

ఎక్కువమంది ఎలక్ట్రీషియన్లు వదిలేసే పని ఒకటుంది. చాలా పోర్టబుల్ మిషన్లలో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపరు. టెస్టర్ పెడితే రెండు కన్నాల్లోనూ మసగ్గా వెలుగుతుంది. మిషను పాడైందని కాదు. కానీ దాన్ని ఇలాగే ఇంటికి ఇస్తే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) షాకు నుంచి కాపాడదు, లీకైన కరెంటు తిరిగి జనరేటరుకు చేరే దారే లేదు కాబట్టి. టెస్ట్ బటను నొక్కితే పడుతోంది కదా అంటారు. ఆ బటను ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యే చిన్న లోడు వేస్తుంది, ఎర్తు ఉన్నా లేకపోయినా పడుతుంది. చేయాల్సింది: చేంజోవర్‌లో జనరేటరు పక్కన న్యూట్రల్‌ను ఎర్తుతో ఒక్క చోట, ఒక్క చోటే, కలిపి, మంచి ఎర్తింగ్ గుంతకు ఇవ్వడం. ఇన్వర్టర్ జనరేటరు అయితే కంపెనీ పుస్తకంలో ఇందుకు ఒప్పుకుంటుందో లేదో చూశాకే.

మిద్దె మీద సోలార్ ఉన్నవాళ్లకు అదనంగా ఇంకో మాట. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (లైనుకు కలిపి నడిపే) సోలార్, కరెంటు పోగానే తానే ఆగిపోతుంది, అలా ఆగాలి కూడా. జనరేటరు కరెంటు దానికి తగిలితే లైను వచ్చిందనుకుని మళ్లీ మొదలై, మిగులు కరెంటును జనరేటర్లోకి తోసి పాడు చేస్తుంది. కాబట్టి సోలార్ ఇన్వర్టరు చేంజోవర్‌కు లైను వైపే ఉండాలి.

నడిపేటప్పుడు, దాచేటప్పుడు

ఖాళీగా స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు తిరగనివ్వండి. ముందు ఫ్రిజ్, అది అందుకున్నాక ఫ్యాన్లు, చివర టీవీ. ఆపేటప్పుడు లోడులన్నీ తీసేశాకే ఇంజను. పెట్రోలు అయిపోయి తానే ఆగేదాకా నడపొద్దు, చివరి క్షణాల్లో వోల్టేజీ ఊగిసలాడుతుంది. ఆగాక ఫ్రిజ్‌ను వెంటనే వేయకుండా అయిదు నిమిషాలు ఆగండి.

నడుస్తున్న ఇంజన్లో పెట్రోలు పోయకూడదు. ఆపి 15 నిమిషాలు చల్లారనివ్వండి, పోసేది గరాటుతో, పగటి వెలుతురులో, ట్యాంకు అంచు దాకా కాకుండా. లైసెన్సు లేకుండా దాచుకోగలిగింది అన్నీ కలిపి 30 లీటర్ల లోపే, అదీ గట్టి మూత ఉన్న ఇనుప డబ్బాల్లో. ప్లాస్టిక్ సీసాల్లో నింపి వంటింట్లో పెట్టేవాళ్లు గ్యాస్ స్టవ్ పక్కనే ఉందని మరిచిపోతారు.

కొత్త మిషనుకు మొదటి 20 గంటలకు ఆయిలు మార్చండి, తర్వాత 100 గంటలకోసారి లేదా ఆరు నెలలకోసారి. 2, 3 కేవీఏ ఇంజనుకు పట్టేది 600 మిల్లీలీటర్ల దగ్గర. నెలలు దాటి పక్కన పెడుతున్నారంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరు గిన్నె కింది బోల్టు విప్పి అందులోదీ వదిలేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాలు. అది గాల్లో తేమ పీల్చుకుని అడుగున నీరుగా విడిపోతుంది, మిగిలిన పెట్రోలు జిగురై జెట్ రంధ్రం మూసేస్తుంది. తుపాను రోజు తాడు ఎంత లాగినా స్టార్ట్ కాని మిషన్లలో చాలావాటి జబ్బు ఇదే. నెలకోసారి కొత్త పెట్రోలు అర లీటరు పోసి, ఫ్రిజ్ తగిలించి 15 నిమిషాలు నడపండి. లోడు లేకుండా తిప్పితే స్పార్క్ ప్లగ్గుకు మసి పడుతుంది.